తోలు కప్పిన పిల్లలు

గొర్రెలంటే నాకు పడదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. నిడుగల్లు కొండ కింద మా నాన్నకు ఆరెకరాల వేరుశనగ చేను ఉండేది. మొలక మూడాకులు వేసిందో లేదో ఎవరి మందో వచ్చి పడేది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేను బోడిగుండు అయ్యేది. మా నాన్న గట్టు మీద నిలబడి తిట్టే తిట్లు వింటూ పెరిగినవాణ్ణి నేను. అలాంటి నాకు దేవుడు ఏరికోరి పావగడ పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం వేయించాడు. డాక్టరును కాను, కాంపౌండరును కూడా కాను. సూది వేసేటప్పుడు గొర్రె కాళ్ళు గట్టిగా పట్టుకునే మనిషిని. నా పేరు మల్లేశప్ప.

చెప్పబోయేది నా గురించి కాదు, ఓబక్క గురించి. గొర్రెలు కాసిన ఆడమనిషి జీవితం ఎవరు రాస్తారు? ఎవరూ రాయరు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఎనభై అయిదు నుంచి మూడేళ్ళ పాటు మా తాలూకాలో వాన సరిగ్గా పడలేదు. ఆ మూడేళ్ళూ నాకిప్పుడు ఒకే ఒక పొడవాటి మధ్యాహ్నంగా గుర్తున్నాయి. ఎండ, ఎర్రమన్ను, ఆ ఎండలో కొండ మీద కోటగోడ వణుకుతున్నట్టు కనిపించడం, దూరంగా మంద లేపిన దుమ్ము. ఆ దుమ్ములోంచి ముందు గొర్రెల కాళ్ళ చప్పుడు వచ్చేది, తర్వాత ఓబక్క గొంతు వచ్చేది, అన్నిటికంటే చివర మనిషి వచ్చేది. నలభై అయిదేళ్ళ వయసు, భుజం మీద గొంగళి, చేతిలో కొమ్మలు వంచే దోటి. మొగుడు పెద్దతిమ్మప్ప కాలం చేసి అప్పటికి ఐదేళ్ళు. తొంభై పైచిలుకు గొర్రెలూ, బలసముద్రంలో ఇచ్చిన కూతురు హొన్నూరమ్మా, అంతే ఆమెకున్నది.

ఓబక్కకు లెక్క ఇరవైతో ఆగిపోతుంది. అయినా ఆమె మందలో ఒక్క గొర్రె తప్పిపోయింది లేదు. సాయంత్రం ముళ్ళకంపతో కట్టిన కంపదొడ్డి దగ్గర అడ్డంగా పెట్టిన కంప పక్కకు లాగితే, ఒక్క గొర్రె పట్టేంత సందు ఉంటుంది. ఆ సందు పక్కన గొంతుకూర్చుని, లోపలికి పోయే ప్రతి గొర్రె వీపు మీదా చెయ్యి వేసి, దాని తల్లి పేరూ ఆ తల్లి తల్లి పేరూ చెప్పుకుంటూ పోతుంది. "బొట్టుది, కుంటిదాని కూతురు. కుంటిది, పొగరుదాని కూతురు. పొగరుది, మా అత్త పుట్టింటి నించి తోలుకొచ్చిన ఎర్రదాని కూతురు." జోలపాట పాడినట్టు సన్నగా సాగేది ఆ వరుస. ఏ గొర్రె అయినా రాకపోతే ఆ వరుసలో ఖాళీ పడేది. అప్పుడు ఓబక్క లేచి దోటి పట్టుకుని గుట్ట వైపు పోయేది. చేను గట్టు మీద కూర్చుని ఆ పాట వింటూ నేను ఎన్నిసార్లు కునుకు తీశానో.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పకపోతే ముందుకు పోలేను. కరువులో ఈనిన గొర్రెలు చచ్చిపోతాయి, పిల్లలు మిగులుతాయి. ఇంకో పక్క పిల్లలు చచ్చిపోతాయి, తల్లులు మిగులుతాయి. తల్లి లేని పిల్లను ఇంకో గొర్రె దగ్గరికి తోస్తే అది వాసన చూసి కుమ్మేస్తుంది. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి, బతికున్న పిల్లకు చొక్కాలాగా కట్టి, మూడు రోజులు ఆ గొర్రె కిందనే వదులుతారు. తన పిల్ల వాసనే అనుకుని అది పాలిస్తుంది. మూడో రోజు తోలు విప్పి పూడ్చేసి, ఆ గొర్రె పాలే కొంచెం పిల్ల నుదుటి మీద రాసి, "ఇంగ నీదే" అంటారు. అంతటితో సరి. ఆ తర్వాత ఆ పిల్లను కన్నది ఎవరో ఎవరూ నోటితో అనకూడదు. అంటే ఆ గొర్రెకు పాలు ఇంకిపోతాయని వాళ్ళ నమ్మకం. ఒకసారి నేను నోరు జారి అడిగితే ఓబక్క నా నోటి మీద అరచెయ్యి పెట్టి మూసేసింది. ఆ చెయ్యంతా గొర్రె కంపు.

ఈ పద్ధతి గొర్రెలకు మాత్రమే అనుకోకండి. అరవై ఆరు కరువులో ఓబక్క సొంత అక్క ఎల్లక్క, హొన్నూరమ్మను కని కన్నుమూసింది. అక్కచెల్లెళ్ళిద్దరినీ ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇచ్చారు. అదే రోజు ఓబక్క ఒడి కూడా ఖాళీ అయింది. వాళ్ళ అత్త ఏం ఆలోచించిందో, పోయిన బిడ్డకు చుట్టిన పాత చీరగుడ్డే ఈ బిడ్డకు చుట్టి ఓబక్క రొమ్ముకు పట్టించింది. మూడో రోజు గుడ్డ విప్పి "ఇంగ నీదే" అంది. ఎల్లక్క మొగుడు ఆ ఏడే మందతో మడకశిర పక్కకు పోయి అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఊళ్ళో నలభై దాటిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మా అమ్మ ఒకసారి జ్వరంలో చెప్పింది కాబట్టి నాకూ తెలుసు. తెలియనిది హొన్నూరమ్మ ఒక్కదానికే. ఇరవై ఏళ్ళకు పైగా ఒక ఊరు ఊరంతా నోరు మూసుకుని ఉండడం చిన్న విషయం కాదు. మా ఊరి నోళ్ళు నాకు తెలుసు.

ఎనభై ఆరు వేసవిలో డాక్టర్ జయలక్ష్మమ్మ మా ఆస్పత్రి ముందు బస్సు దిగింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మధుగిరి పక్క మనిషి, బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థలో పని. చేతిలో ఐసు పెట్టె. గొర్రెల వంశాలు బాగా తెలిసిన మనిషి కావాలని అడిగింది. ఓబక్క పేరు చెప్పిన పాపానికి ఆ పెట్టె మోసే పని నా నెత్తిన పడింది. పావగడలో ఐస్ క్యాండీ చేసే చోట ఐసు నింపుకుని, నిడుగల్లు బస్సెక్కి, మంద యాడుందో వెతుక్కుంటూ చేలకు అడ్డంబడి నడవడం. దారిలోనే సగం ఐసు నీళ్ళయ్యేది.

దొడ్డి పక్కన నేల మీద కూర్చుని డాక్టరమ్మ తన పని ఏమిటో ఓబక్కకు చెప్పింది.

"మా సంస్థలో మూడు గదులుండాయి ఓబక్కా. ఒక గదిలో మనుషుల డాక్టర్లు. కొంతమంది చిన్నపిల్లలకు రక్తం ఊరదే, ఆ జబ్బు చూస్తారు వాళ్ళు. రెండో గదిలో లేసర్ అనే దీపం పెట్టుకున్నోళ్ళు. రక్తంలో ఒక్కో కణం ఎట్లుండాదో ఆ వెలుతురులో కనుక్కుంటారు. మూడో గది నాది. నాది గొర్రెల పని."

"గొర్రెకూ మనిషి బిడ్డకూ ఏమి సమ్మందం తల్లీ?" అంది ఓబక్క.

"తిండి లేక, పురుగులు పడి గొర్రెకు రక్తం పల్చబడుతుంది కదా. అప్పుడు కొన్ని గొర్లు వేరే రకం రక్తం తయారు చేసుకొని నిలబడతాయి. కొన్నింటికి అది చేతకాదు. ఆ చేతనయ్యే గుణం తల్లి నించి పిల్లకు ఎట్ల దిగుతాదో తెలుసుకోవల్ల. అది తెలిస్తే ఆ పిల్లల రక్తానికి కూడా ఏమన్నా దోవ దొరుకుతాదేమో అని పక్క గది వాళ్ళ ఆశ."

"నీకుండాదా ఆ ఆశ?"

డాక్టరమ్మ నవ్వి, "లేకుంటే ఈ ఎండలో ఎందుకొస్తానక్కా?" అంది.

ఓబక్క కొంచెంసేపు ఆమె మొహం చూసింది. ఆమె గొర్రెను కొనేటప్పుడు కూడా అలాగే చూస్తుంది. "నా గొర్ల రక్తం యాడికి పోతాదో, ఆడ ఏమి చేస్తారో నా కండ్లతో చూడల్ల. చూసినాక ఇస్తా" అంది. నేను పడీపడీ నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. మరుసటి నెలలోనే మా ఇద్దరినీ బెంగుళూరుకు పిలిపించింది.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నిజమా కలా అనిపిస్తుంది. మధుగిరి కొండ దాటేదాకా ఓబక్క కిటికీలోంచి కనబడిన ప్రతి మందనూ చూసి "అది లేవలేక ఎత్తుబడిన మంద, ఇది మేపు చాలని మంద" అంటూనే ఉంది. సంస్థలో చల్లటి వసారాలు, తెల్లకోట్లు, ఎక్కడా దుమ్ము లేదు. దుమ్ము లేకపోతే నాకు ఊపిరి సరిగ్గా ఆడదేమో అని భయమేసింది. రెండో గదిలోకి తీసుకుపోయి తలుపు మూశారు. లోపల పగలే చీకటి. మెల్లగా కళ్ళు అలవాటు పడ్డాక కనబడింది. గాలిలో దారం కట్టినట్టు, కదలకుండా, ఎర్రటి వెలుతురు.

"ముట్టుకుంటే తెగుతాదా?" అని గుసగుసగా అడిగింది ఓబక్క.

"తెగదు. వెలుతురే కదక్కా" అంది డాక్టరమ్మ. తర్వాత చెప్పింది. రక్తాన్ని నీళ్ళలో కలిపి, వెంట్రుకంత సన్నటి గొట్టంలోంచి వదులుతారట. కణాలు గుంపుగా పోవడానికి వీలు లేదు. ఒకదాని వెనక ఒకటి ఈ వెలుతురుకు అడ్డం పోవాలి. పోయేటప్పుడు ప్రతిదీ తన గుర్తు చెప్పి పోతుంది. నేను మనిషినా, నేను గొర్రెనా, నేను బలంగా ఉన్నానా, బలం లేకుండా ఉన్నానా అని. పక్కన చిన్న అద్దం మీద పచ్చటి చుక్కలు ఒక్కొక్కటే పడుతూ ఉన్నాయి.

ఓబక్క నేల మీద గొంతుకూర్చుంది. కుర్చీ చూపించినా లేవలేదు. ఆ చుక్కల వైపు చూస్తూ చూస్తూ ఆమె పెదవులు కదలడం మొదలుపెట్టాయి. దగ్గరికి వంగి విన్నాను. "బొట్టుది, కుంటిదాని కూతురు. కుంటిది, పొగరుదాని కూతురు..." లేసర్ గదిలో పని చేసే పెద్దమనిషి మిషన్ ఆపబోయి, ఆమెను చూసి ఆపలేదు. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు. బయటికి వచ్చాక ఎండ కళ్ళలో గుచ్చుకుంది.

"మన దొడ్డిసందే మల్లేశప్పా. ఈళ్ళు కూడా ఒక్కోదాన్నే తోలుతాండారు" అంది. ఆ వారమే గొర్రెల రక్తం ఇచ్చింది. దాదాపు రెండేళ్ళ పాటు ఇచ్చింది. నేను కాళ్ళు పట్టుకోవడం, డాక్టరమ్మ మెడ దగ్గర నరం వెతికి రక్తం తీయడం, ఓబక్క వరుస చెప్పడం, డాక్టరమ్మ దాన్ని నల్ల అట్ట పుస్తకంలో రాసుకోవడం. ఆ కరువులో పుట్టి నిలిచిన పిల్లలు అరవై రెండు. అన్నింటికీ తల్లుల వరుస ఏడెనిమిది తరాల దాకా ఆ పుస్తకంలోకి ఎక్కింది. ఇలాంటి పుస్తకం దేశంలో ఏ సంస్థ దగ్గరా లేదని డాక్టరమ్మ మురిసిపోయేది. తోలు కప్పిన పిల్లల గురించి ఆమె అడగలేదు, ఎందుకంటే అలాంటి పని ఒకటుందని ఆమెకు తెలియదు. ఓబక్క చెప్పలేదు, ఎందుకంటే ఆమె లెక్కలో పాలిచ్చిందే తల్లి. నాకు తెలుసు. కానీ గొర్రె కాళ్ళు పట్టుకునే మనిషికి ఆ రెండూ ముడిపెట్టి చూడాలన్న తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో డాక్టరమ్మ ఐసు పెట్టె లేకుండా దిగింది. మొహంలో రక్తం చుక్క లేదు. నేరుగా నిడుగల్లు బస్సెక్కింది, వెనకే నేనూ.

హొన్నూరమ్మ అప్పుడు పురిటికి వచ్చి ఉంది. మూడు నెలల పాప ఒళ్ళో ఉంది. పిల్ల బాగానే ఉంది గానీ తల్లే పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. రక్తం చాలా తక్కువుందని ఆస్పత్రిలో అన్నారు. అంతకు ముందు నెలలోనే డాక్టరమ్మ, "తల్లీకూతుళ్ళ ఇద్దరి రక్తం తీసుకుపోయి మా పక్క గది వాళ్ళకు చూపిస్తా, ఇది ఇంటి వరసలో ఉండాదేమో తెలుస్తాది" అని అడిగితే, ఓబక్క తనకు సూదంటే భయమంది. కొమ్ములు తిరిగిన పొట్టేలును ఒంటి చేత్తో కింద పడేసే మనిషికి సూదంటే భయమట. నేను నవ్వబోయి, అరవై ఆరు సంగతి గుర్తొచ్చి, నోరు మూసుకున్నాను.

దొడ్డి దగ్గర డాక్టరమ్మ నల్ల అట్ట పుస్తకం తెరిచింది. "అరవై రెండు పిల్లల్లో పదకొండు సరిపోలేదు ఓబక్కా. ప్రతి తల్లి రక్తంలో రెండు గుర్తులుంటాయి. రెంట్లో ఒకటి పిల్లకు వచ్చి తీరల్ల. ఈ పదకొండింటికి ఒకటి కూడా రాలేదు. నువ్వు చెప్పిన తల్లులు వీటి తల్లులు కారు."

"నేను తప్పు చెప్పలేదు తల్లీ" అంది ఓబక్క.

"మా సంస్థలో పెద్దాయన నమ్మడం లేదు. ముసలమ్మ నోటికొచ్చింది చెప్పింది, నువ్వు రాసుకున్నావు, పుస్తకమంతా పారేయమంటాండాడు. పదకొండు తప్పయితే మిగిలిన యాభై ఒకటి మాత్రం నిజమని ఏమి నమ్మకం? రెండేళ్ళక్కా! రెండేళ్ళు ఇదే పనిగా తిరిగినా. గుర్తు లేకపోతే లేదని చెప్పుంటే సరిపోయేది కదా. అబద్దం ఎందుకు చెప్పినావు?"

ఆ మాట అన్నాక ఆమెకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు గుడిసెలోంచి హొన్నూరమ్మ వచ్చింది, పాపను భుజాన వేసుకుని, ఆయాసపడుతూ.

"మా అమ్మ అబద్దమాడదు. మీ మిషనే తప్పు" అంది. "రుజువు కావల్లంటే మా ఇద్దరి రక్తం తీసుకుపోండి. నా తల్లి ఎవరో ఊరందరికీ తెలుసు కదా! మీ మిషన్ ఏమి చెప్తాదో చూద్దాం. మాకూ తప్పే చెప్పిందంటే, దాని పని ఏందో మీకే తెలుస్తాది." సెగలు కక్కుతూ జాకెట్టు చెయ్యి పైకి లాగి, సూది గుచ్చమని చెయ్యి చాపింది.

డాక్టరమ్మ ఆలోచనలో పడింది. న్యాయమైన మాటే. ఓబక్క కూతురి చెయ్యి పట్టుకుని జాకెట్టు మళ్ళీ కిందికి లాగి, "ఈ పొద్దు వద్దు. రేపు పొద్దున మంద లేసేటప్పుడు రాండి. ఇద్దరమూ ఇస్తాము" అంది.

డాక్టరమ్మ ముందు నడిచింది. నేను కావాలనే వెనకబడ్డాను. "అక్కా, ఇచ్చేయండి. భయపడొద్దు. ఆ సీసాలు నేనే కదా మోసేది. ఐసు కరిగింది, రక్తం చెడిపోయిందంటా. ఎవరికి తెలుస్తాది?" అన్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేస్తానన్న ఒకే ఒక్క మోసం అది. దాని గురించి నాకు సిగ్గు లేదు.

ఓబక్క దొడ్డి వైపు తిరిగింది. దొడ్డిలో పిల్లలు తల్లుల కింద దూరి తలలతో పొదుగులు కుమ్ముతున్నాయి. "ఇంతవరకూ నేను అబద్దమాడలేదు మల్లేశప్పా. ఊరికే ఉన్నా, అంతే. నా బిడ్డ నాకోసం చెయ్యి చాపినాక కూడా ఊరికే ఉంటే, అది అబద్దమైతాది" అంది. ఆ పిల్లలనే చూస్తూ, "ఒగేళ చెప్పినాక నన్ను వాసన చూసి తోసేస్తేనో?" అంది. ఆ రాత్రి నేను ఇంటికి పోయి అన్నం తినలేదు, అంతే.

మర్నాడు పొద్దున మంచు లేదు గానీ, మంద ఊపిరికో ఏమో దొడ్డి చుట్టూ సన్నటి పొగలా పట్టింది. కొండ ఇంకా నీలంగా ఉంది. ఓబక్క సందు పక్కన గొంతుకూర్చుంది. కంప పట్టుకుని హొన్నూరమ్మ నిలబడింది, రెండో చేత్తో పాపను ఎత్తుకుని. "రాసుకో తల్లీ. ఒక్కోటీ నిదానంగా తోలతా" అంది ఓబక్క.

గొర్రెలు ఒకదాని వెనక ఒకటి బయటికి రాసాగాయి. ఎప్పటి వరుసే, ఎప్పటి గొంతే. ఏడో ఎనిమిదో గొర్రె దగ్గర ఆ గొంతు ఆగింది. ఓబక్క ఆ గొర్రె వీపు మీద చెయ్యి తియ్యలేదు. "ఇది బొట్టుది. దీని వెనక ఉండేది దీని పిల్ల. సాకింది ఇదే. కన్నది కర్రెమూతిది. కర్రెమూతిది ఈని సచ్చిపోయె. బొట్టుదాని పిల్ల కూడా ఆ పొద్దే సచ్చె. తోలు కప్పినా" అంది.

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. "తోలు కప్పడమంటే?"

నేను చెప్పాను. తోలు ఒలవడం, మూడు రోజులు, నుదుటి మీద పాలు, అన్నీ. వింటూ వింటూ ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఓబక్క మాత్రం ఆమె వైపు చూడలేదు. చూపంతా బొట్టుదాని పొదుగు మీదే. ఎన్ని తరాల నాటి భయమో అది. బొట్టుది నెమరు వేస్తూ నిలబడింది, పిల్ల దాని కిందికి దూరి నోటినిండా పాలు తాగింది. ఓబక్క గట్టిగా ఊపిరి వదిలి తర్వాతి గొర్రెను పిలిచింది.

అలా పదకొండు. ప్రతి దానికీ ఇద్దరు తల్లులు. డాక్టరమ్మ పుస్తకంలో కొత్తగా గీత గీసి, ఒక పక్క కన్నతల్లి, ఇంకో పక్క సాకినతల్లి అని రాసుకుంది. కన్న గొర్రెల రక్తం అవి చావకముందే తీసి ఉంది కాబట్టి, దాంతో లెక్కలన్నీ సరిపోయాయని, ఆమె పని నిలబడిందని, ఏ పుస్తకంలోనో అచ్చయిందని నాకు తర్వాత తెలిసింది. రక్తం పల్చబడినా నిలబడే ఆ గుణం సాకిన తల్లి నుంచి రాదనీ, కన్న తల్లిదండ్రుల నుంచే వస్తుందనీ ఆ పదకొండు పిల్లల వల్లే మరింత గట్టిగా రుజువైందట. పరిశోధన సంగతి అంతే. నాకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు.

దొడ్డి ఖాళీ అయింది. ఓబక్క లేవలేదు. "ఇంగొకటి ఉండాది రాసుకోను" అంది.

నేను లేచి దూరంగా పోదామనుకున్నాను. కానీ కూర్చునే ఉన్నాను.

"హొన్నూరమ్మ. సాకింది ఓబక్క. కన్నది ఎల్లక్క, ఓబక్క తోడబుట్టింది. కని సచ్చిపోయె. ఓబక్క బిడ్డ కూడా ఆ పొద్దే సచ్చె. ఆ బిడ్డ గుడ్డే దీనికి చుట్టిరి." గొర్రెల వరుస చెప్పిన గొంతుతోనే చెప్పింది, మధ్యలో ఆగలేదు. చెప్పి, తల వంచుకుని, గొర్రెల కాళ్ళు తొక్కిన నేల వైపు చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ రాయలేదు. కలం మూత పెట్టేసింది.

హొన్నూరమ్మ కంప వదిలేసింది. అది దానంతటదే సందుకు అడ్డంగా పడింది. పాప కళ్ళు తెరిచి మళ్ళీ మూసింది. తోసేస్తుందని ఓబక్క ఎదురుచూస్తోందని నాకు తెలుసు. ఆ భయం నాకూ పట్టుకుంది.

"అమ్మా, ఆ బిడ్డ?" అంది హొన్నూరమ్మ.

"ఏ బిడ్డమ్మా?"

"నాకు గుడ్డ చుట్టినారు కదా. ఆ గుడ్డలో ఉన్నింది ఆడబిడ్డా, మొగబిడ్డా?"

ఓబక్క తలెత్తింది. ఆమె అన్నిటికీ సిద్ధపడి వచ్చింది గానీ ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. "మొగబిడ్డ" అంది. "తొమ్మిది దినాలు ఉన్నాడు."

"పేరు?"

"పదకొండో దినం పెట్టల్లనుకుంటిమి."

"ఏడ్చినావా మా?"

"ఎట్ల ఏడ్చల్ల? ఏడిస్తే పాలు ఇంకిపోతాయనిరి మా అత్త. నీకు పాలు కావల్ల కదా. గుడ్డ విప్పినాక వాన్ని తల్చుకోకూడదు. తల్చుకుంటే నీకు తెలిసిపోతాది. ఇరవై రెండేండ్లు వాని పేరు..." పేరు లేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

హొన్నూరమ్మ పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. గొర్రెపిల్లను తప్ప ఇంకేదీ సరిగ్గా పట్టుకోవడం తెలియని నా చేతుల్లో. వెళ్ళి ఆ పెంటికల్లో, ఆ దుమ్ములో ఓబక్క పక్కన కూర్చుని, ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

"నేను పెద్దయినా మా. నాకింగ పాలక్కర లేదు. వానికోసరం ఏడువు" అంది.

ఓబక్క ఏడ్చింది. ఆ ఏడుపు ఎలా ఉందో నేను రాయను. మంద తనంతట తానే గుట్ట వైపు నడిచిపోయింది. దాని వెనక పోవాలని మాలో ఎవరికీ తోచలేదు. పొద్దెక్కేదాకా అక్కడే ఉన్నాము.